రెండో డ్రైవరును పెట్టిన మనిషి

తలాస్ లోయ పెద్దలకు, తల్లులకు, ముందు వరసలో కూర్చున్న సైరకాన్ వదినకు, బయట బళ్లు ఆపి లోపలికి వచ్చిన నా తోటి డ్రైవర్లకు సలాం.

మనమంతా ఇలా ఒక్కచోట చేరడం ఎసెన్‌కుల్ అన్న చూసి ఉంటే, "స్టాండులో ఎవరున్నార్రా?" అని మొదట అడిగేవారు. ఆ మనిషి ఇక లేరు. నా పేరు ఒమోర్. ఏళ్ల తరబడి ఆయన బండి నడిపినవాణ్ణి. నాకు సభలో మాట్లాడటం రాదు. వచ్చిన నాలుగు మాటలు చేదుగా ఉంటే మన్నించండి. మన్నించకపోయినా చెబుతాను.

ఆయనకు ఆరు చిన్న బస్సులు ఉండేవి. తలాస్ నుంచి కొండ కనుమ ఎక్కి దిగి రాజధాని బిష్కెక్‌కు, మళ్లీ వెనక్కి. అదే ఆయన వ్యాపారం, అదే మా బతుకు. ఒక ఏడాది కొత్త నియమం వచ్చింది. డ్రైవరును ఉద్యోగిగా రాసుకోవాలి. ఇన్ని గంటలకు మించి నడపనివ్వకూడదు. దూరం వెళ్లే బండికి ఇద్దరు డ్రైవర్లు ఉండాలి. యజమానులు ఏం చేశారో మీకు తెలుసు. రెండో డ్రైవరుగా బావమరిది పేరు రాశారు. ఒకాయన మంచం దిగలేని తండ్రి పేరు రాశాడు. మరి ఎసెన్‌కుల్ అన్న? ఆయన నిజంగానే మనుషుల్ని పెట్టారు.

మేము సంతోషించామా? లేదు, తిట్టుకున్నాం. ట్రిప్పులు తగ్గాయి, చేతికొచ్చేది తగ్గింది. నేను మొహం మీదే అడిగాను: "అన్నా, కళ్లు నావి, నిద్ర నాది, మధ్యలో నీకేంటి?" ఆయన టీ తాగుతూ తలెత్తకుండానే అన్నారు: "కళ్లు నీవేరా. వెనకాల కూర్చున్నోళ్లు నీవాళ్లు కాదు. పో, పడుకో."

నౌరోజ్ పండగ ముందురోజు ఒక వ్యాపారి పెళ్లివారిని వెంటబెట్టుకుని వచ్చి, బండి మొత్తం కావాలి, రెట్టింపు ఇస్తానన్నాడు. నేను అప్పుడే కనుమ దిగి వచ్చాను. రెండో డ్రైవరు జ్వరంతో ఉన్నాడు. అన్న నా చేతిలోంచి తాళం తీసుకుని జేబులో వేసుకున్నారు. "డబ్బొద్దనే యాపారిని నిన్నొక్కణ్ణే చూశా, ముసలాయనా" అని నవ్వి ఆ వ్యాపారి పెళ్లివారిని పక్క యజమాని బండెక్కించాడు. ఆ బండికి ఏమైనా అయిందా? ఏమీ కాలేదు. క్షేమంగా చేరింది. స్టాండంతా ఆయన్ను చూసి నవ్వింది. మర్నాడు కూడా ఆయన అలాగే తాళం తీసుకున్నారు.

తర్వాత నియమం మారింది. రెండో డ్రైవరు అక్కర్లేదు, గంటలు లెక్కపెట్టే యంత్రం బిగించాలన్నారు. ఆయన బిగించారు. ఆ యంత్రం చెల్లదు, వేరే రకం కావాలన్నారు. అదీ కొన్నారు. నియమం పట్టించుకోని వాళ్లకు జరిమానా మాఫీ చేశారు. పట్టించుకున్న వాళ్లకు ఏమిచ్చారు? ఇంకో నియమం ఇచ్చారు. పాతిక బళ్లు, సొంత షెడ్డు ఉన్న కంపెనీకే ఈ రూటు అన్నారు.

ఆయన రాజధాని వెళ్లి ఒక అధికారి ముందు నిలబడ్డారు. ఇన్నేళ్లూ మీరు చెప్పినవన్నీ చేశానని చెప్పుకున్నారు. ఆ అధికారి మర్యాదగానే జవాబిచ్చాడు: "పెద్దాయనా, ఈ రూలు మీలాంటోళ్ల కోసం రాయలేదండీ." తిరుగు దారిలో అన్న ప్రయాణికుడిలా వెనక సీట్లో కూర్చున్నారు. ఆ రోజు బండి నడిపింది నేనే.

రూటు మెదెర్‌బెక్ గారి కంపెనీకి వెళ్లింది. మెదెర్‌బెక్ గారు రెండో వరసలో ఉన్నారు, పెద్ద పూలదండ తెచ్చారు. మా అన్న బళ్లు ఆయనే కొన్నారు. మమ్మల్నీ రమ్మన్నారు. కానీ ఉద్యోగులుగా కాదు. ఒక్కో డ్రైవరూ ఒక్కో సొంత వ్యాపారి అని సంతకం పెట్టించుకున్నారు. తనకు తానే యజమాని అయినవాడికి గంటల నియమం వర్తించదట. మాకు సెలవు ఇవ్వాల్సింది మేమే. మా చేత గొడ్డుచాకిరీ చేయిస్తున్నదీ మేమే.

ఎసెన్‌కుల్ అన్న కూడా సంతకం పెట్టారు. ఇంట్లో పొయ్యి వెలగాలి కదా. తన పాత బండి మీదే జీతగాడిలా ఎక్కారు. అప్పటికి ఆయనకు అరవై దాటాయి. నాతో ఒకసారి అన్నారు: "నన్ను నేనే పనిలో పెట్టుకున్నానురా ఒమోర్. ఇంత దుర్మార్గపు యజమాని దగ్గర ఎప్పుడూ చెయ్యలా." నవ్వుతూ అన్నారు. కళ్లు మాత్రం ఎర్రగా ఉన్నాయి.

పోయిన నెల, విశ్రాంతి లేకుండా వెళ్లి వస్తూ కనుమ దిగుతున్నారు. రోడ్డు వారకు బండి తీశారు. హ్యాండ్‌బ్రేకు వేశారు. "కాస్త ఆగుదాం. ఎవరూ దిగకండి, మంచు జారుతోంది" అని ప్రయాణికులకు చెప్పి స్టీరింగు మీద తల ఆనించారు. వాళ్లు మంచివాళ్లు. అలిసిపోయిన ముసలాయన, కాసేపు పడుకోనివ్వండి అనుకున్నారు. అల్లరి చేస్తున్న పిల్లల్ని ఊరుకోబెట్టారు. చాలాసేపటికి ఒకామె టీ అందిద్దామని భుజం తట్టింది.

అందరూ ఇళ్లకు చేరారు. ఆయన తప్ప.

విచారణ జరిగింది. డ్రైవరుకు తగిన విశ్రాంతి ఇవ్వలేదని తేల్చారు. తప్పు యజమానిది అని రాశారు. యజమాని పేరు? ఎసెన్‌కుల్. విన్నారా, తల్లులారా? ఈ లోయలో డ్రైవరును బలవంతాన పడుకోబెట్టిన ఒకే ఒక్క యజమాని మీద, డ్రైవరును నిద్రపోనివ్వలేదన్న నేరం పడింది. కంపెనీకి సంబంధం లేదట. దండ మాత్రం మానవత్వంతో తెచ్చారట.

వదినా, అన్న మీద రాసిన ఆ మాట కొట్టేయించే వరకు మేం ఆఫీసుల చుట్టూ తిరుగుతాం. రేపటి నుంచి నాకు బండి ఇవ్వకపోవచ్చు. ఇవ్వకపోతే నడిచే తిరుగుతాను.

ఇక మాటలు చాలు. ఆయన కోసం అందరం లేచి కాసేపు మౌనంగా నిలబడదాం. ఈ సభ అవగానే బండెక్కాల్సిన డ్రైవర్లు మాత్రం లేవకండి. రాత్రంతా నడిపి వచ్చారు. కూర్చోండి, కళ్లు మూసుకోండి. మీ బదులు కూడా మేమే నిలబడతాం.

మెదెర్‌బెక్ గారూ, మీరు రాత్రంతా పడుకునే వచ్చారు. మీరు లేవండి.