పన్నెండో ప్రశ్న

ఆదివారం మధ్యాహ్నం. గుమ్మానికి అడ్డంగా ఆవిడగారి కుట్టుమిషను, దాని మీద తెరిచిన, ట్యాంకులు శుభ్రంచేసే పని శిక్షణ పుస్తకం. ఆవిడ చొక్కాలకు గుండీలు కుడుతూ ప్రశ్నలు అడుగుతోంది, ఆయనగారు గోడకు చేరగిలబడి జవాబులు చెబుతున్నారు, చెప్పాల్సిన ఒక్కటి తప్ప.

"తప్పు. మళ్ళీ చెప్పండి."

"ఏంటి తప్పు? ట్యాంకు మూత తీయగానే మనిషిని దింపకూడదు, ముందు గాలి చూడాలి. చెప్పా కదా!"

"ఎక్కడ చూడాలి అని అడిగాను."

"ట్యాంకులో. లేకపోతే మనింటి వంటగదిలో చూస్తామా?"

"ఆ వెటకారమేదో రేపు ట్రైనరు దగ్గర చెయ్యండి, వేస్తాడు మార్కులు. పైన, మధ్యలో, అడుగున. మీటరు తాడుకి కట్టి మూడు చోట్లా చూడాలి. ఎందుకు?"

"కొన్ని గాలులు బరువు. అడుగున నక్కి కూచుంటాయి. పైన మీటరు అంతా బాగుందంటుంది, కింద మనిషి కూలబడతాడు. చూశావా, ఎందుకో తెలుసు. ఎక్కడో చెప్పడం మర్చిపోయా, అంతే."

"ప్రాణవాయువు ఎంతకి తగ్గితే దిగకూడదు?"

"పందొమ్మిదిన్నర."

"పందొమ్మిదిన్నర ఏంటి? కిలోలా?"

"శాతం! శాతం తల్లీ, శాతం."

"సరే. కుళ్ళిన గుడ్ల వాసన వస్తూ వస్తూ ఠక్కున ఆగిపోయింది. అంటే?"

"అంటే ముక్కు చచ్చింది. గాలి బాగుపడలేదు, ఇంకా పాడైంది. వెంటనే బయటికి వచ్చెయ్యాలి."

"అన్నీ వచ్చు. ఊరికే బెంగపడి నా ప్రాణం తీస్తున్నారు. లోపల మనిషి పడిపోయాడు. బయట కాపలా ఉన్నవాడు దిగచ్చా?"

"దిగకూడదు."

"దిగితే?"

"ఇద్దరవుతారు... తర్వాతది అడుగు."

"తర్వాతది పన్నెండు."

"పన్నెండొద్దు. పదమూడు అడుగు."

"నిన్న కూడా పన్నెండొద్దన్నారు. మొన్నా అంతే."

"అది వచ్చు నాకు."

"వస్తే చెప్పండి మరి."

"కాసిని మంచినీళ్ళివ్వు."

"చెంబు మీ మోకాలి పక్కనే ఉంది."

"ఆ గుండీ వంకరగా కుడుతున్నావు."

"నా గుండీల సంగతి నాకొదిలెయ్యండి. రేపు అందరి ముందూ నిలబెట్టి పైకి చెప్పిస్తారంట కదా? చెప్పలేనివాణ్ణి ట్యాంకు పనిలోంచి తీసేస్తారంట కదా? అప్పుడేం చేస్తారు? పదిహేడేళ్ళు ట్యాంకు మూతి దగ్గర తాడు పట్టుకుని కూచోడం తప్ప ఇంకో పని వచ్చా మీకు?"

"పదిహేడేళ్ళూ ఏ పుస్తకమూ లేదు, ఏ ట్రైనరూ లేడు. ఒక మనిషి పోతే పుస్తకం అచ్చేశారు."

"ఏమన్నారు?"

"నోరు జారింది."

"జారితే జారింది. పోయింది నా తమ్ముడు. నాలుగు నెలలైంది, ఈ ఇంట్లో వాడి పేరెత్తి. ఎత్తితే ఏమవుతుంది, పైకప్పు కూలుతుందా?"

"ఏమో. కూలుతుందేమో."

"మొదటి పేజీలో వాడి గురించి రాశారు, చూశారా? 'ఇటీవలి దుర్ఘటన దృష్ట్యా' అని. మా చిన్నోడు దుర్ఘటన అయిపోయాడు."

"ఆ పేజీ నేను చదవలేదు."

"నేను చదివాను. రోజూ చదువుతున్నాను. పన్నెండు... లోపలి మనిషి తాడు మూడుసార్లు లాగాడు. బయటివాడు ఏం చెయ్యాలి?"

"ఒకసారి లాగితే బాగున్నానని. రెండుసార్లయితే తాడు వదులు చెయ్యమని."

"నేనడిగింది మూడు."

"అది నీకూ తెలుసు. చుట్టాలొచ్చి కూచుని కదలకపోతే వెనకనుంచి నా చొక్కా మూడుసార్లు లాగేదానివి కాదూ, రక్షించమని? చిన్నోడు చూసి పడీ పడీ నవ్వేవాడు."

"మాట మార్చకండి. పుస్తకంలో ఉన్నది చెప్పండి చాలు."

"వెంటనే గిలక తిప్పి పైకి లాగాలి."

"ఇంకా ఉంది."

"అంతే."

"ఇంకా ఉంది. 'ఆలోచించకుండా, కారణం అడగకుండా, ప్రతిసారీ.' అది కూడా చెప్తేనే మార్కు."

"ఆ మాట నావల్ల కాదు."

"ఏ మాట?"

"ప్రతిసారీ. ఆ ఒక్క మాట నా గొంతులోంచి రాదే. అద్దం ముందు నిలబడి చూశా. స్నానాలగదిలో నీళ్ళు వదిలి కూడా చూశా. రావడంలేదు."

"ఎందుకు రాదు? మీరు విచారణలో ఏం చెప్పారు? తాడు కదల్లేదన్నారు. చాలాసేపు అలికిడి లేకపోతే అనుమానమొచ్చి లాగానన్నారు. నాతోనూ అదే అన్నారు."

"అన్నాను."

"మరి?"

"కదిలింది."

"ఏమండీ..."

"కదిలింది. మూడుసార్లు. ఒకసారి కాదు, రెండుసార్లు కదిలింది."

"రెండా, మూడా? సరిగ్గా చెప్పండి."

"మొదటిసారి వాడు దిగిన కాసేపటికే మూడు లాగాడు. గిలక పట్టుకుని భుజాలు ఊడేలా తిప్పా. తీరా చూస్తే ట్యాంకు మూతిలోంచి వాడి మొహం, ఇంత నవ్వుతో. 'కాఫీ తాగావా బావా?' అంటాడు. మీటరు బాగుంది, బెల్టు బాగుంది, వాడు బాగున్నాడు. ఆటపట్టించాడు!"

"మీరేమన్నారు?"

"తిట్టా. నోటికొచ్చినట్టు తిట్టా. 'అంత తిట్టావు కానీ నవ్వలేదేంటి బావా?' అంటూ మళ్ళీ దిగాడు. అడుగున మడ్డి గట్టిపడిపోయింది, పారతో కదుపుతున్నాడు. కదిపితే గాలి లేస్తుంది. ఇప్పుడు పుస్తకంలో ఉంది అది, తొమ్మిదో ప్రశ్న. అప్పుడు మాకెవరు చెప్పారు?"

"తర్వాత?"

"తర్వాత మళ్ళీ లాగాడు. మూడు."

"మీరు..."

"నవ్వాను. ఈసారి నిజంగానే నవ్వొచ్చింది నాకు. 'పోరా, ఇంకోసారి నేను పడను' అని అరిచా. సీసా మూత తీసి మంచినీళ్ళు తాగా. మూత మళ్ళీ పెట్టా. మూత సరిగ్గా ఎక్కలేదు, తీసి మళ్ళీ పెట్టా. అంతసేపే. అంతకన్నా ఎక్కువ కాదు, ఒట్టు."

"అయ్యో."

"అప్పుడు తాడు చూస్తే బిగుసుకుపోయి ఉంది. తిప్పితే బరువుగా వచ్చింది. బతికున్న మనిషి కాళ్ళు ఆనించుకుంటాడే పైకొచ్చేటప్పుడు, ఆ బరువు వేరు. నాకు చేతికే తెలిసిపోయింది."

"ఎవరికీ చెప్పలేదా ఇది?"

"ఎవరికి చెప్పను? నీకు చెప్పనా? పక్కన పడుకునే దానివి, తెల్లారి లేచి నాకింత వండిపెట్టే దానివి. ఈ చేతుల్తోనే మీ తమ్ముణ్ణి చంపానే అని చెప్పనా?"

"ఆ మాటనకండి."

"అంటా. ఇప్పుడైనా అననీ. తిట్టు నన్ను. ఆ కత్తెర విసురు. ఏదో ఒకటి చెయ్యి, అలా గుండీ వంక చూస్తూ కూచోకు."

"నేను తిట్టలేను."

"ఒక్కటే నాకు అంతుబట్టడంలేదు. ఏడేళ్ళు నా తాడు కింద పనిచేశాడు వాడు. ఇంట్లో ఎంత కోతైనా, పనిలో ఒక్కనాడు తాడుతో ఆడలేదు. కొత్తవాళ్ళు ఆడితే నెత్తిమీద ఒక్కటిచ్చేవాడు. ఆ రోజే ఏం పుట్టింది వాడికి? అంత తిట్టినా నవ్వలేదేంటని నా మొహం వంక ఎందుకలా చూశాడు? పడుకున్నా అదే, లేచినా అదే. నీకేమైనా చెప్పాడా వాడు?"

"దారం తెగింది. ఉండండి."

"దారం సంగతి తర్వాత. చెప్పాడా?"

"ఆ రెండ్రోజులూ మీరు నాతో మాట్లాడలేదు. గుర్తుందా?"

"మాట్లాడలేదా? ఎందుకు?"

"ఈ మిషను గుమ్మంలో పెట్టానని. మీ కాలి వేలికి తగిలిందని. అలిగి అన్నం కూడా పక్కింటి మనిషిలా తిని లేచిపోయారు."

"ఆఁ... అవును. అలిగాను. నాకసలు గుర్తే లేదు. అయితే?"

"నాకు గుర్తుంది."

"అయితే ఏంటే? దానికీ దీనికీ ఏంటి సంబంధం?"

"ఆ పొద్దున మీరు ముందు బయటికెళ్ళి సైకిలు తుడుస్తున్నారు. వాడు ఇక్కడే, ఈ గుమ్మంలో కూచుని బూట్లు తొడుక్కుంటున్నాడు. 'మీ బావ మూతి విప్పడంలేదురా, ఇవాళ లోపల్నుంచి ఊరికే మూడుసార్లు లాగు, హడలిపోయైనా నవ్వుతాడు' అన్నాను. 'వద్దక్కా, తాడుతో ఆటలొద్దు' అన్నాడు వాడు. నేనే, నా మీద ఒట్టేయించుకుని మరీ పంపాను."