మలక్కా కొండమీద పోలీసోల్ల తవ్వకం

— అమ్మమ్మా, పెళ్ళికి ముందు నువ్వు మలక్కాలో ఉజ్జోగం సేసినావంట కదా? అమ్మ సెప్పింది. ఏటి పని లా అది?

ఏటీ? ఆ ఫోను కాస్త దగ్గిరకి జరుపు. లేకపోతే మోనోరైలు సప్పుడే పడతాది గాని నా గొంతు పడదు. ఆఁ, సరి. అక్కడుంచు.

పనంటే... ఎలగ సెప్పాల నీకు? ఎవులెవులో నేల తవ్వి, ఏటేటి దొరికినాయో రాసీసి, అచ్చెయ్యకుండా వొదిలీసి ఎల్లిపోయిన కాగితాలుంటాయి కదా, ఆటికి పేర్లు రాసి జాబితా కట్టీ పని. నవ్వకు! గవర్మెంటు ఉజ్జోగమే. నెల తిరిగీసరికి జీతం. ఆదివారం ఆఫీసు లేదు.

మా నాన్న సుంగై సుమున్ కాడ కొబ్బరి తోటలో కిరాణి. తోట ఆఫీసులో గుమస్తా అన్నమాట. నన్ను తెలుక్ ఆన్సన్ టౌనుకి పంపి ఇంగిలీసు సదివించినాడు, టైపు నేర్పించినాడు. మా నాయనమ్మ తిట్టీది, "ఆడగుంటకి టకటకలెందుకురా, అట్లు పోసుకోవడం నేర్పు" అని. అట్లూ నేర్సుకున్నాననుకో. ఇంతలో ఎమర్జెన్సీ ఒచ్చింది, ఇండియాలోది కాదు, ఇక్కడ మలాయాలో ఇంగిలీసోల్లు ఎట్టింది. అడివిలో కమ్మూనిస్టులు, రోడ్డుమీద పోలీసులు, కూలీల లైన్ల సుట్టూ ముల్లకంచె. పొద్దుగూకితే గడప దాటకూడదు. బియ్యం కూడా కొలిసిచ్చీవోరు, మిగిలితే అడివిలోకి పోతాయని. మా నాన్నకి బయం ఏసింది. "ఎదిగిన పిల్ల ఇక్కడొద్దు, మావయ్య కాడికి ఎల్లు" అని మలక్కా బస్సెక్కించీసినాడు. మావయ్యంటే మాయమ్మ తమ్ముడు. ఆసుపత్రిలో డ్రెస్సరు, పుండ్లకి కట్లు కట్టీవోడు. అత్త పేరు సిమ్మాలమ్మ. ఓలమ్మో, అత్త! మడిసి ఇంత పొట్టి, గొంతు మాత్రం అంత పొడుగు. ఆసుపత్రి గేటు కాడ పిలిస్తే లోపల మంచం మీదున్న రోగి లేసి కూసునీవోడు.

ఏటి సెప్తన్నాను? ఆఁ, ఆఫీసు.

మలక్కాలో ఆ ఎర్ర బిల్డింగులు లేవూ, ఆటెనకాల ఒక పాత ఇల్లు. అదే ఆఫీసు. ఆర్మిటేజని ఒక దొర ఉండీవోడు, నిలువెత్తు మనిసి, ముక్కు ఎండకి కాలి ఎప్పుడూ ఎర్రగుండీది. మలక్కా అంటే మరి ఊరుమీద ఊరు కదేటి. సుల్తాన్లు, పోర్చుగీసోల్లు, డచ్చోల్లు, ఇంగిలీసోల్లు, ఒకల కోటమీద ఇంకొకలు ఇల్లు కట్టినారు. ఎక్కడ పార దింపినా ఏదో తగలాల్సిందే. తవ్విన ప్రతోడూ కాగితం మీద రాసినాడు. రోడ్లేసిన ఇంజినీరు, సర్చి పాదిరీ, పటాలం ఆపీసరు, మా దొరా. రాసినారు గాని ఒక్కలూ అచ్చెయ్యలేదు. బీరువాల నిండా కట్టలు. సగం సెదలు తినీసినాయి, సగం వానకి అంటుకుపోయినాయి. నాను అట్లకాడలాంటిది ఎట్టి ఇడదీసీదాన్ని.

ఒక్కో రిపోర్టుకీ ఒక కార్డు. ఎవులు తవ్వినారు, ఎక్కడ, ఎంత లోతు, ఏటి దొరికింది, దొరికింది ఇప్పుడెక్కడుంది. సులువే అనుకున్నాను. ఆ ఇంజినీరు రాసింది సూడాల నువ్వు! "కోట గోడ పునాది తగిలింది" అని ఒక్క ముక్క రాసి, తర్వాత పేజీలకి పేజీలు ఆడి వంటోడిని తిట్టినాడు. కూరలో ఉప్పెక్కువని, సొక్కా ఇస్త్రీలో కాల్సీసినాడని. "సార్, ఈ వంటోడిని కార్డులో ఏటి సెయ్యాల?" అని అడిగినాను. దొర నవ్వి, "ఆణ్ణి కూడా రాసీ. రేపొద్దున ఎవులికి ఏది కావాలో మనకి తెలుసా?" అన్నాడు.

ఇంకోమాటు అన్నాడు, అది మరిసిపోలేదు నాను. "మిస్, పుస్తకం సిరిగిపోతే ఇంకోటి కొనుక్కోవొచ్చు. నేల అలగ కాదు. ఒకసారి తవ్వీసినామంటే ఆ పొరలు మరి లేవు. మిగిలీది ఈ కాగితమే." అంతవరకూ నాకు అది జీతం కోసం సేసీ పని. ఆ రోజు నించి సెద పురుగుని సూస్తే పామును సూసినట్టే లెగిసీదాన్ని.

పటాలు గీసీవోడు మిస్టర్ కో. బాబా. బాబాలంటే తెలుసు కదా, తరతరాల కిందట మలక్కా ఒచ్చి ఉండిపోయిన సీనావోల్లు. ఇంట్లో మలాయే మాటాడతారు, ఆల్ల ఆడోల్లు లుంగీలాటి సారోంగు కట్టుకుంటారు. కోకి సీనా అచ్చరం ఒక్కటి రాదు. నిదానం మనిసి. పెన్సిలు సెక్కడానికే పావుగంట తీసుకునీవోడు. ఆల్లావిడ రోజీ, నిండు సూలాలు. నాకు డబ్బా నిండా పైనాపిల్ బిస్కెట్లు పంపీది. అందులో ఎన్న ఏసీది సూడు... సరి, సరి, అది తర్వాత.

రిపోర్టుల్లో "పటం సూడుము" అని ఉంటాది, పటం ఉండదు. ఉన్నవేమో సిల్లులు. దొర తొందర ఎడతన్నాడని కో ఒక కొండ పటాన్ని ఇంటికి అట్టుకెల్లినాడు, ఆదివారం కూసోని ఎత్తి రాసుకుందామని. రోడ్డుమీద పోలీసోల్లు ఆపినారు. బియ్యం, మందులు అడివికి పోతన్నాయేమోనని సైకిలు బుట్టలు కూడా ఎతికీవోరప్పుడు. బుట్టలో ఆ పటం.

కొండంతా ఎర్ర సిరా సున్నాలు. బాణాలు, లోతులు. సున్నా పక్కన దొర ఇంగిలీసులో రాసినాడు, "డంపు" అని. దొర బాసలో డంపంటే ఎప్పటి డచ్చోల్లో వంటింటి సెత్త పారబోసుకున్న గొయ్యి. పోలీసోల్ల బాసలో డంపంటే తుపాకులు దాసిన గొయ్యి. ఇంకేటుంది! ఆ పూటే లోపలేసీసినారు.

సోమారం పొద్దున్నే రోజీ ఆఫీసుకి ఒచ్చి మెట్టుమీద కూలబడిపోయింది. ఆపద రోజులు మరి. అలాంటి కేసయితే మనిసిని ఓడెక్కించి సీనా పంపించీసీవోరు. "ఆయన తాత కూడా సీనా సూడలేదు, అక్కడ దిగి ఎవులింటికి ఎల్తాడు?" అని ఏడుపు. దొర సూస్తే పినాంగులో ఉన్నాడు, మీటింగు. టెలిగ్రాం కొట్టినాను. జవాబు లేదు.

మావయ్య "పోలీసోల్ల జోలి మనకొద్దే, రేపు నిన్నూ లోపలేస్తారు" అన్నాడు. బయపడ్డంలో తప్పులేదు. నాకూ బయమే. అత్త మాత్రం గొడుగు తీసింది. "పద. ఆ గుంట కడుపుతోటి మెట్టుమీద కూసుంటే నాకు అన్నం దిగదు" అంది.

ఎల్లినాం. ఇన్‌స్పెక్టరు తెల్లోడు, కుర్రోడే, నోట్లో పైపు. నాను రిపోర్టు సూపించినాను, కార్డు సూపించినాను, ఇది పాతకాలం సెత్తగొయ్యి సార్ అని. ఆడు సదివినాడు. సదివి, "ఎప్పటి సెత్తకో మేపు గీసుకునీవోడు ఎవుడమ్మా?" అన్నాడు.

"మా ఆఫీసంతా అదే పని సార్."

"టైపు కొట్టిన కాగితం నాకొద్దు. నీ సెత్త నిజంగా అక్కడుంటే తవ్వి సూద్దాం, పద."

వొద్దనబోయినాను. ఎందుకంటే ఆ గొయ్యిలో దొర సగమే తవ్వి సగం కావాలనే వొదిలీసినాడు. రిపోర్టులో రాసినాడు కూడా, తర్వాత ఒచ్చీవోల్లు మనకన్నా తెలివైనోల్లవుతారు, ఆల్లకోసం ఉంచినానని. ఆ సగాన్ని పారలతోటి కుల్లబొడిసీస్తే? వొద్దంటే కో ఓడెక్కుతాడు. మనిసా, మట్టా? ఎంతసేపు ఆలోసిస్తావు? మనిసే కదేటి.

"తవ్వండి సార్" అన్నాను. "కాని నాను సెప్పినట్టు తవ్వాల."

ఏటి దైర్నమో! నాను అప్పటికి నా సేత్తో గడ్డిమొక్కైనా పీకలేదు. కాగితం మీద సదివిందే.

మద్దేన్నం కొండెక్కినాం. పైన ఆ పాడుబడిన సర్చి, కింద సముద్రం. ఎండ మండిపోతంది. అత్త గొడుగేసుకోని రాయిమీద కూసుంది. ఇన్‌స్పెక్టరు, కానిస్టేబుల్లు, పారలు. "మెల్లిగా, పొర పొరగా, పైమట్టి ఒకపక్క, నల్లమట్టి ఒకపక్క" అని నాను అరుస్తన్నాను. అందరూ ఇన్నారు గాని, ఒక్కడు నల్లగా, పొడుగ్గా ఉన్నోడు, పార నెత్తిమీదకెత్తి దింపుతన్నాడు. నాను అత్తతోటి తెలుగులో అన్నాను, "సూడత్తా, ఈ దున్నపోతు ఉన్న సట్లన్నీ పగలగొట్టీసీలాగున్నాడు" అని.

ఆడు పార ఆపినాడు. నాకేసి సూసినాడు.

"దున్నపోతుకి తెలుగు వొచ్చండీ" అన్నాడు.

ఓరి నాయనో! అత్త నవ్విన నవ్వుకి గొడుగు దొర్లిపోయింది. నాకు మొకం ఎక్కడెట్టుకోవాలో తెలవలేదు. ఆడు మాత్రం నవ్వలేదు. పార పక్కనెట్టి, మోకాల్లమీద కూసోని, సేతుల్తోటి మట్టి తీసినాడు. ఆ ఎండలో, యూనిఫారం అంతా బురద సేసుకోని.

దొరికినాయి. సేపముల్లు, ఆలిసిప్పలు, సీసా ముక్కలు, నీలం పువ్వుల పింగాణీ పెంకులు. తుపాకీ లేదు, గుండు లేదు. ఆఖర్న తెల్లమట్టి పైపు ఒకటి, పొగతాగీది. సగం ఇరిగిపోయింది. ఆ కానిస్టేబులు దాన్ని సొక్కాకి తుడిసి ఇన్‌స్పెక్టరు సేతికిచ్చినాడు. నోట్లో ఎట్టుకునీ కాడ పంటి గాటు ఉంది. ఎవుడో రోజూ కొరికి కొరికి అరిగిపోయిన గాటు. ఇన్‌స్పెక్టరు తన పైపు నోట్లోంచి తీసి దాని పక్కనెట్టి సూసుకున్నాడు. ఆడిదీ అక్కడే అరిగింది. తర్వాత మెల్లిగా, "పాపం, ఇల్లొదిలి ఎంత దూరం ఒచ్చినాడో" అన్నాడు. ఆ డచ్చోడి గురించి అన్నాడో, తన గురించి అన్నాడో మరి.

గొయ్యి పూడిపించినాను. కో ఆ పూటే రాలేదు. ఆల్ల కాగితాలు, పైవోల్ల సంతకాలు, దొర పినాంగు నించి ఎవులెవులికో ఫోన్లు. రోజీ బిడ్డని కన్నాక ఒచ్చినాడు. సిక్కి సగమైపోయినాడు. బిడ్డని ఎత్తుకోని గోడకేసి తిరిగి నిలబడిపోయినాడంట, మొకం ఎవులికీ సూపించకుండా. పనిలోకి ఒచ్చినరోజు పెన్సిలు సెక్కలేకపోయినాడు. నానే సెక్కిచ్చీదాన్ని. కొన్నాల్లకి కుదుటపడినాడు. పోలీసోల్లు పటం తిరిగివ్వలేదు గాని, కొలతలు రిపోర్టులో ఉన్నాయి కదా, మల్లీ గీసినాడు. ఈమాటు డంపు అని రాయలేదు. మలాయిలో "సంపా" అని రాసినాడు, సెత్త అని. "ఇప్పుడు సూసుకోమను లా!" అన్నాడు. అదే మొదలు ఆయన మల్లీ నవ్వడం.

దొరకి కోపం రాలేదని సెప్పను. ఆ సగం గొయ్యికి నిజంగా బాదపడినాడు. "రిపోర్టు రాసినావా?" అన్నాడు. రాసినాను, టైపు కొట్టీసినాను, కార్డు కూడా ఎట్టీసినాను. తవ్విందెవులు అన్నకాడ "పోలీసు" అని. దొర సదివి, కార్డు మడవకుండా బీరువాలో మిగతా ఆటితోపాటు నిలబెట్టినాడు. "ఇది కూడా సరిత్రే, ఏటి సేస్తాం" అన్నాడు. ఆ కట్టలు ఎప్పుడైనా అచ్చయినాయో లేదో నాకు తెలవదు. నువ్వు ఎల్తే సూసి సెప్పు. వంటోడి కార్డు కూడా సూడు.

ఆ కానిస్టేబులా? ఆడే మరి! మీ తాత కాదేటి! అయ్యో పిల్లా, మీయమ్మ ఇదీ సెప్పలేదా? కువాలా సెలంగోర్ తోటలోల్లు. పైపు ఏ కాలందో తెలుసుకుందామని ఆఫీసుకి ఒచ్చినాడంట. మల్లీ ఒచ్చినాడు, సీసా ముక్క ఏ కాలందని. ఆలిసిప్పకి కూడా కాలం అడిగీసరికి అత్త కనిపెట్టీసింది. ఇంటిపేరు అడిగింది, తాత ముత్తాతల ఊరు అడిగింది, సీకాకులం పక్కోల్లే అని తేల్సుకోని, "దున్నపోతైతేనేటి, మోకాల్లమీద కూసునీవోడు దొరకడం కష్టం" అని మావయ్యకి సెప్పీసింది. మలక్కాలోనే పెల్లి. పైనాపిల్ బిస్కెట్లు రోజీవే.

తర్వాత మెర్డేకా, మలాయిలో సొతంత్రం అని. ఆ రోజు కొండకింద పెద్ద మైదానం, సముద్రం ఒడ్డున, ఇసకేస్తే రాలని జనం. మలాయోల్లు, సీనావోల్లు, మనోల్లు, అందరూ మంచి బట్టలు కట్టుకోని. కో కొడుకుని బుజాలమీద ఎక్కించుకున్నాడు, ఆడు కాల్లాడించి ఆడించి నాయన సొక్కా అంతా మట్టి సేసీసినాడు. మీయమ్మ నా కడుపులో. మీ తాత డూటీలో ఉన్నాడు, జనాన్ని ఆపీ తాడు పట్టుకోని. మాకు మూరెడు దూరంలో, కొయ్యలాగ నిలబడి. జనం "మెర్డేకా!" అని అరిసినారు. ఓలమ్మ, ఆ అరుపుకి నా కడుపులో మీయమ్మ ఉలిక్కిపడింది. మల్లీ అరిసినారు. మీ తాత పెదాలు మాత్రం కదల్లేదు. యూనిఫారంలో ఉన్నోడు అరవకూడదంట, రూలు. కల్లల్లో మాత్రం నీల్లు తిరుగుతన్నాయి. మొకం తిప్పకుండా, పెదాలు కదపకుండా నాతోటి తెలుగులో అన్నాడు కదా, "ఒలే, నా వంతు కూడా నువ్వే అరిసీ."

అరిసినాను. మొగోడి గొంతులాగ అరిసినాను, సుట్టూ ఉన్నోల్లు తిరిగి సూసినారు. నా వంతు అరిసినాను, ఆయన వంతు అరిసినాను. మూడ్రోజులో, నాలుగ్రోజులో, గొంతు లేదు. అట్టు కావాలా అని అడగడానికి కూడా సేత్తో సైగే.

పోయినాడు మహానుబావుడు... సరి, ఏడవను లే. నువ్వు తిన్నావా? ఆ ఫోను ఆపీసి ముందు తిను. సల్లగుండు నా తల్లీ. నీకు ఎప్పుడు అరవాలనిపించినా అరిసీలాగ, నీ గొంతు గట్టిగుండాల. అట్టు ఎయ్యనా? కొబ్బరి పచ్చడుంది, పొద్దున్నే నూరినాను, అది ఎక్కడెట్టినానో...