రశీదు తొందర

మంథనిలో ఇంటికాడ్నే కంప్యూటర్ పని చేసే బిడ్డ రాసిన కోడు నిన్ననే రేషన్ మిషన్లన్నిటికీ పోయింది. ఇయ్యాల అవ్వ రేషన్ దుకాణం నుంచి ఖాళీ సంచితో తిరిగి రాంగనే బిడ్డ ఎదురెళ్లి సంచి అందుకుంది.

“మిషన్ల నా ఏలు పడ్తలేదు బిడ్డా. ఐదుసార్లు పెట్టిన.”

“నేనే చేసిన అవ్వా. మిషన్‌ను లోపల నడిపే కెర్నెల్ల, రశీదు అచ్చేసే డ్రైవరుకు, ఏలిముద్ర సదివే డ్రైవరుకు ఒక్కటే కోడు పెట్టిన. రశీదు జల్ది రావాలని ఆగే టైం తగ్గిస్తే, రెండిటికీ తగ్గింది; మిషను నీ ఏలు సదవకముందే కాదంటున్నది.”

“మల్ల పెంచరాదు?”

“పై ఆఫీసర్లు ఒప్పుకోవాలె. నెల పడ్తదట. నా చేతిల లేదు.”

అవ్వ తన వేళ్లు తిప్పి చూసుకుంది.

“నీ తప్పు గాదు బిడ్డా. బీడీలు చేసి చేసి నా గీతలే అరిగినయ్. జర నిమ్మకాయతోని కడుక్కొని మల్ల పోతా.”