పేరు పెట్టి చేసిన ప్రార్థన

రెండు చేతులకూ కట్లతో మంచం మీదున్న వదిన, మరదలు తెచ్చిన సూప్ గిన్నె వంక అనుమానంగా చూసింది.

“ఎవరు పంపారు నిన్ను?”

“ఎవరూ పంపలేదు. నోరు తెరవండి వదినా.”

“ముందు నువ్వు తాగు.”

మరదలు ఒక చెంచాడు తాగి చూపించింది.

“నువ్వు తీశావన్న గొలుసు నా పెట్టెలోనే దొరికిందని తెలిసిపోయిందన్నమాట! అందుకేగా వచ్చావు?”

“తెలిసింది. అందుకు రాలేదు.”

“ప్రార్థన కూటంలో అందరి ముందూ నీ పేరు పెట్టి, ‘ప్రభువా, దీని దొంగబుద్ధి మాన్పించు’ అని ప్రార్థించానే! క్షమాపణ చెప్పించుకోవాలనేగా?”

“చల్లారిపోతోంది వదినా.”

“ఊరికే ఎవరూ ఏదీ చెయ్యరే!”

“కృప ఊరికే వస్తుందని ప్రతి ఆదివారం చెప్పేది మీరేగా?”

“అది దేవుడి సంగతి!”

“సిలువ అనే చేదు గిన్నెను ప్రభువూ ముందు తనే తాగాడు కదా.”

వదిన మరదలి చేతిలోని చెంచా వంక చూసింది.

“నోరు కాలదుగా?” అంటూనే నోరు తెరిచింది.