దేముడు పోసిన చిక్కటి ఆయిలు

కూకో శ్యామూ, ఆ స్టూలు లాక్కో. ముందు ఆ ఇంజను ఆపు. ఆ సప్పుడు నాకు కొత్తేటి? మీ తాత దేముడు తోలిన అంబాసిడరూ అచ్చం ఇలాగే కొట్టుకునేది. పొద్దున్న సల్లగా ఉన్నప్పుడు బుద్ధిమంతుడు. వేడెక్కి ఎత్తు ఎక్కేసరికి లోపలెవడో సుత్తెట్టి బాదినట్టే. రాడ్డు బేరింగులు అరిగితే అదే వరస. ఇంజను అడుగున ఆయిలుండే సంపు దించి సూద్దాం రా అని నేనే సెప్పేను, అప్పటికి గవరపాలెంలో నా మెకానిక్ షెడ్డు నడిసేది. "బాబుగారిని అడగాల బావా" అన్నాడు. బాబుగారంటే బెల్లం యాపారి బంగారయ్య. ఆ మారాజు వచ్చి, బజారులో బెల్లం దిమ్మని సూసినట్టు బోనెట్టు మీద వేళ్లతో కొట్టి, సెవి పెట్టి, "గట్టిగానే ఉందిరా, పాత బండి ఆమాత్రం మాటాడదా?" అన్నాడు. ఎనకాల గుమాస్తాలు "మాటాడతాదండి బాబూ, మాటాడతాది!" థూ! ఇంజనంటే బెల్లం దిమ్మేటి?

సరే, ఆయనకి తెలీదు. మీ తాతకేం రోగం? అన్నీ తెలుసు కదా! మేడే నాడు నా పక్కన జెండా పట్టుకుని "దోపిడీ నశించాలి" అని గొంతు సించుకున్నోడు, ఆ సాయంత్రమే ఎల్లి ఆ కారు అద్దాలు తుడిసేడు. సప్పుడికి బాబుగారు సిరాకు పడతన్నారని ఏటి సేసేడో తెలుసా? గేరుబాక్సులో పోసే సిక్కటి ఆయిలు తెచ్చి ఇంజన్లో పోసేడు. సప్పుడు తగ్గింది. బంగారయ్య ఈపు తట్టేడు. ఈడు కిరీటం పెట్టినట్టు పొంగిపోయేడు. రోగం అలాగే ఉంది, ఏడుపు ఆగిందంతే.

తరవాత బాబుగారి సుట్టాల్ని ఎక్కించుకుని అరకు ఘాటీ. ఎల్లకురా అన్నాను. "మాటిచ్చేసేను బావా, బాబుగారు ఏటనుకుంటారు?" అనుకుంటే అనుకోనీరా! ఎండకీ ఎత్తుకీ ఆయిలు నీళ్లయిపోయింది, మలుపులో రాడ్డు ఇరిగి ఇంజను పగిలింది, బ్రేకు పట్టలేదు, బండి ఎనక్కి జారింది. సుట్టాలు దూకేసేరు. ఈడు స్టీరింగు వదల్లేదు, బండితోపాటే లోయలోకి పోయేడు. బాబుగారి కారు కదా మరి! బంగారయ్య ఏటన్నాడు? "డ్రైవరు బండి సూసుకోలేదు." మీ తాత పేరు మీద మిగిలింది ఆ ముక్కే. మీ నాన్నమ్మ సచ్చేదాకా అది ఇంటూనే ఉంది.

ఏటీ? నీ ఓనరూ రేపు అరకే ఎల్లమన్నాడా? కాదంటే ఇంకోణ్ని పెట్టుకుంటాడా? సరే. ఆ ఆయిలు గేజి పుల్ల తీసి ఇలా తే.

ఇదేట్రా, తేనెలా సాగుతంది? ఎవడు పోసేడు?

...నువ్వేనా?

బండి తాళం ఆ మేకుకి తగిలించు, రేపు ఇది ఘాటీ ఎక్కదు. పెసరట్టు తింటావేటి?