కృష్ణానదిని నిలబెట్టిన బాలస్వామి

బాలస్వామి మాట మొదలుపెట్టాడంటే జంగయ్య తన చాయ హోటలు పొయ్యిలోనుంచి ఒక కట్టె వెనక్కు లాగేవాడు. ముచ్చట ముగిసేదాకా ఎవరూ రెండో చాయ అడగరని ఆయనకు అనుభవం మీద తెలుసు. నందికొండ దగ్గర కృష్ణానది మీద ఆనకట్ట కడుతున్న కాలమది. తిరుమలగిరి మీదుగా రాళ్ల లారీలు, పెద్దమనుషుల జీపులు దుమ్ము లేపుకుంటూ పోతుండేవి. ఆ దుమ్ముకు అడ్డంగా కట్టిన తడిక వెనుక, బల్ల మీద, ఆ సాయంత్రం బాలస్వామి కాలు మీద కాలు వేసుకొని కూర్చున్నాడు. అతని ఎదుట గ్లాసు పట్టుకొని వృద్ధుడైన జానయ్య ఉన్నాడు.

గోపమ్మ వచ్చేసరికి ఇద్దరూ నవ్వుతున్నారు. ఆమె భుజం మీద మడత పెట్టిన నల్లగొంగడి ఒకటి ఉంది. అది బాలస్వామిదే. అంచు ఊడిందనీ, కుట్టిపెట్టమనీ నందికొండ ప్రయాణానికి ముందు ఆమె ఇంట్లో ఇచ్చిపోయాడు. దానిని అప్పగించడం ఒక సాకు మాత్రమే. ఆమె వచ్చింది ఒక్క మాట తెలుసుకోవడానికి.

ఆమె కొడుకు యాదగిరి నల్లగొండ జైలులో ఉన్నాడు. ఊరందరి గొర్లూ మేసే బంచరాయి భూమిని పటేలు ముళ్లకంపతో మూసివేయగా, ఆ కంపను లాగి అవతల పడవేయడం అతడు చేసిన నేరం. అటువంటివారి పక్షాన కోర్టులో వకీలును నిలబెట్టడానికి ఆ ప్రాంతంలో హక్కుల సంఘమని ఒకటి ఏర్పడింది. ఇంటింటా జొన్నలు అడిగి తెచ్చేవారు దానికి చాలామంది ఉన్నారు. సంపన్నుల గడప ఎక్కి పెద్ద చందా తెచ్చే పని మాత్రం బాలస్వామిది. అతడూ గొర్లకాపరుల ఇంటి బిడ్డే. నాలుగు ముక్కలు చదివాడు, ఎవరితోనైనా మాట్లాడగలడు. యాదగిరి వకీలు ఖర్చు భరించమని అడగడానికి సంఘం ఈసారి అతనిని నందికొండలోని రాళ్ల కాంట్రాక్టరు దగ్గరికి పంపింది. కాంట్రాక్టరు ఒప్పుకుంటే సరే. లేకుంటే రేపటి అంగడిలో గోపమ్మ తన సూడి గొర్లను బేపారికి అమ్మవలసిందే. ఈనబోయే గొర్లు పోతే ఇక మంద ఉండదు. మంద లేని ఇంటికి కొడుకు తిరిగివచ్చినా వాడికి దొడ్డిలో ఏమీ మిగలదు.

"దా అక్కా, కూసో. మంచి యాళ్లకు ఒచ్చినవ్. జానయ్య మామకు గదే చెప్తున్న," అన్నాడు బాలస్వామి.

"కాంట్రాక్టరు ఏమన్నడు తమ్మీ?"

"గదే కద చెప్పొచ్చేది! జర మొదలుకెళ్లి ఇను. పెద్దోని కాడికి పోతే ఒచ్చిన పని ముందుగాల చెప్పొద్దక్కా. చెప్పినవా, ఆయన చెయ్యి పోయి జేబు మీద పడ్తది, ఇగ లేవదు. నేనేం జేసిన? షెడ్డు ముందర నిలవడ్డ, ఆయన కుక్కను జూసిన, 'అబ్బ, ఏం కుక్క సారూ, పులి లెక్కున్నది' అన్న. గంతే! 'ఎవలు నాయినా నువ్వు, లోపటికి రా' అన్నడు. కుర్సీ ఏసిండు. ఎసోంటి కుర్సీ? ఆయన పక్కకు కుర్సీ!"

"కూసున్నవా?" అన్నాడు జానయ్య.

"కూసోక? చాయ తెప్పిచ్చిండు. పింగాణి కప్పుల."

"నా చాయ తాగుకుంట ఇంకోని చాయ ముచ్చట చెప్తున్నవా?" అన్నాడు జంగయ్య పొయ్యి దగ్గరినుంచి.

"నీ చాయకు పింగాణి దండుగ, ఊకో."

ఇంతవరకు గోపమ్మ నమ్మింది. కుక్కను మెచ్చుకుంటే మెత్తబడే మనుషులు లోకంలో ఉన్నారు. కుర్సీ వేసిన మనిషి వకీలును కూడా ఇవ్వవచ్చు. ఆమె గొంగడిని ఒళ్లోకి తీసుకొని బల్ల చివర కూర్చున్నది.

"ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? కప్పు కింద పెట్టి మాట షురూ జేసిన. బంచరాయి సంగతి, కంప సంగతి, మన యాదగిరి సంగతి. పక్కల గుట్ట మీద రాళ్లు కొడ్తుండ్రు, ఠక్కుఠక్కుమని, చెవులు పోతున్నయి. నా మాట ఇని ఒకడు సుత్తె దించిండు. వాన్ని జూసి ఇంకొకడు. జరసేపటికి గుట్టంత సప్పుడు లేదు. సుత్తె ఎత్తినోడు ఎత్తినట్టే నిలవడ్డడు."

"చెయ్యి గుంజలేదా వానికి?"

"గుంజింది మామా. ఇప్పటికీ దవాఖానల కట్టు కట్టిచ్చుకుంటుండంట. గది వేరే ముచ్చట. గప్పుడే బండ పగులగొట్టెటందుకు తూటకు నిప్పు పెట్టిండ్రు. వత్తి కాలుకుంట కాలుకుంట బండ దాక ఒచ్చింది. అందరు ఉరుకుతుండ్రు. నేను ఉరికిన్నా? ఉరకలే. మాట ఆపిన్నా? ఆపలే. గా తూట గూడ ఇనుకుంట కూసున్నదక్కా! నేను 'ఇగ గింతే సారూ' అన్నంకనే పేలింది."

జానయ్యకు పొలమారింది. జంగయ్య చాయ వడపోసే గుడ్డను చేతిలోనే పట్టుకొని తడిక దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. గోపమ్మ నవ్వలేదు. తూట మీద ఆమెకు పట్టింపు లేదు. అది పేలినా పేలకున్నా యాదగిరికి జైలు తలుపు తెరుచుకోదు.

"కాంట్రాక్టరు ఏమన్నడు?" అని మళ్లీ అడిగింది.

"ఒస్తున్న, గాడికే ఒస్తున్న. నడుమ కృష్ణ ఉన్నది కద! ఏటి సప్పుడు బంద్ అయింది. ఏందా అని తిరిగి జూసిన. నీళ్లు నిలవడ్డయి! ఆనకట్ట ఇంక సగం గూడ లేవకపాయె, నీళ్లు మాత్రం గోడ లెక్క నిలవడ్డయి. నడుమల చాపలు తలకాయలు బయటికి పెట్టి నా దిక్కే సూస్తున్నయి. ఇంజనీర్లు ఉరికొచ్చిండ్రు. 'బాలస్వామీ, నీ కాళ్లు మొక్కుతం, జర నోరు ముయ్యి. మాటతోని నీళ్లు ఆగుతయని సర్కారుకు ఎర్కయితే మా నౌకర్లు పోతయి' అన్నరు. పాపం, పిల్లలుగల్లోళ్లని ఊకున్న."

"మరి చాపలో?" అన్నాడు జంగయ్య.

"ముచ్చట సగంల ఆగినందుకు కోపమొచ్చి కిందికి పోయినయి. ఆనాటి సంది నందికొండల చాప దొరుకుడు తక్వయింది. కావాలంటే అడుగు."

"కాంట్రాక్టరు, తమ్మీ."

గోపమ్మ గొంతు పెరగలేదు. అయినా బాలస్వామి ఒక్క క్షణం ఆమె వంక చూసి చూపు తిప్పుకున్నాడు. తర్వాత మరింత గట్టిగా అందుకున్నాడు.

"కాంట్రాక్టరా? ఏడ్సిండక్కా! సిమెంటు కలిపెటోళ్లు ఆ పొద్దు ఏటికి నీళ్లకు పోలేదంటే సూస్కో. 'యాదగిరి వకీలు ఖర్సు నాది' అన్నడు. 'ఒక్క యాదగిరిదేంది, జైల్ల ఉన్నోళ్లందరిది నాదే' అన్నడు. 'హైద్రాబాదుల వకీళ్లందర్ని రైలెక్కిచ్చి నల్లగొండకు పంపుత' అన్నడు."

"నల్లగొండకు రైలేడిది?"

"నేను గూడ గదే అడిగిన మామా. 'పట్టాలు ఏపిస్త' అన్నడు."

జానయ్య నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. తుడుచుకున్న తరువాత ఆయన ముఖం నెమ్మదిగా మారింది. గోపమ్మ భర్తకు ఆయన అన్న. జైలులో ఉన్న పిల్లవాడు ఆయన ఎత్తుకొని తిప్పినవాడే.

"కుర్సీల కూసొని పెద్దోళ్లు శాన చెప్తరురా," అన్నాడు. "లేసినంక యాదికుండాలె కద."

"కుర్సీలనా? నేను గంత కచ్చోన్నా మామా? కుర్సీల చెప్పిన మాట నేను పట్టిచ్చుకుంటనా? లేపిన! నా గొంగడి కింద పరిచిన, చెప్పులు ఇడిపిచ్చిన, మన బీరప్ప దేవుని పేరు చెప్పి గొంగడి మీద కూసోబెట్టిన. గొంగడి మీద కూసొని ఇచ్చిండు మాట!"

ఎవరూ నవ్వలేదు. ఆ ఊళ్ల గొర్లకాపరులు పొలిమేర తగాదా తెంపుకున్నా, పిల్లను ఖాయం చేసుకున్నా, నల్లగొంగడి పరిచి దాని మీద కూర్చొని మాట్లాడుతారు. అక్కడ ఆడిన మాటను వెనక్కు తీసుకున్నవాడు ఊళ్లో లేడు. అక్కడ అబద్ధమాడిన వాని గొర్లు మందగా నిలవవని వారి నమ్మకం. బాలస్వామి ఆ నమ్మకంలోనే పుట్టి పెరిగాడు. నోటి ఊపులో తాను ఏమన్నాడో అతనికి ఇంకా అందలేదు.

గోపమ్మ లేచింది. ఒళ్లోని గొంగడిని విప్పి, దులిపి, బల్ల ముందు నేల మీద పరిచింది. కొత్తగా కుట్టిన అంచు వెంట ఎర్రదారం కనబడుతున్నది.

"గీ గొంగడేనా తమ్మీ?"

బాలస్వామి దారం వైపు చూశాడు.

"నువ్వు పోయి ఒచ్చెదాక గిది నా ఇంట్ల దండెం మీదున్నది. నీకు ఇంకో గొంగడి ఉన్నదా?"

"లేదక్కా."

"చెప్పులు ఇడువు. కూసో."

జంగయ్య నవ్వబోయి జానయ్య ముఖం చూసి ఆగిపోయాడు. బాలస్వామి చెప్పులు విడిచాడు. గొంగడి నడుమకు పోకుండా అంచున కూర్చున్నాడు. అరచేయి ఉన్నికి తగలగానే తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"కృష్ణ..." అని మొదలుపెట్టి, "పారుతనే ఉన్నది," అన్నాడు.

"తూట?"

"పేలింది. అందరికంటె ముందుగాల ఉరికింది నేనే."

"కుర్సీ?"

"ఉన్నది. ఆయనే కూసున్నడు."

"గట్లయితె కుక్క గూడ లేదారా?" అన్నాడు జానయ్య.

"కుక్క ఉన్నది మామా." బాలస్వామి పంచె అంచు జరిపి పిక్క మీది పంటిగాటు చూపించాడు. "గదొక్కటి పక్కా."

అప్పుడు గోపమ్మ అతని ఎదుట కూర్చున్నది. "కాంట్రాక్టరు ఏమన్నడు?" అన్నది, మొదట అడిగినట్లే.

"జీపు ఎక్కుతుంటే దొరికిండక్కా. నిలవడి చెప్పిన. సగం ఇన్నడు. ఇయ్య అనలేదు, ఇస్త అనలేదు. 'అంగడి నాడు తిరుమలగిరి మీదికెళ్లి నల్లగొండ పోత, ఆడ కనపడు, సూద్దాం' అన్నడు. జీపు కదిలింది. గంతే."

"గీ మాట ఒచ్చిన కాడనే చెప్తె ఏమయితుండె?"

"సూద్దాం అన్నడని చెప్తె నువ్వు గొర్లు అమ్ముకుంటవు కద." అతని గొంతు తగ్గింది. "నిన్ను జూసినంక నోటికి రాలే."

తొవ్వ మీద లారీ ఒకటి పోయింది. తడిక అదిరింది. ఆ దుమ్ము అణిగేదాకా గోపమ్మ తొవ్వవైపే చూసింది.

"బావా, రేపు అంగడికి మందనంత తోలుకొద్దాం," అన్నది జానయ్యతో. "సూడి గొర్లొక్కటే కాదు, అన్నిటిని. మనోళ్లందరి మందలు రమ్మను. తొవ్వ మీదికెళ్లే తోలుదాం. జీవాలు అడ్డమున్నంక జీపు ఏడికి పోతది?"

"ఆగుతది," అన్నాడు జానయ్య నిమ్మళంగా.

"ఆగినంక తొవ్వ నడుమ గీ గొంగడి పరుద్దాం. మర్యాదగ దించి కూసోబెడ్దాం. ఆయన సూద్దాం అన్న మాట దీని మీద కూసొని అననీ. ఇస్తనంటే నా గొర్లు ఇంటికి ఒస్తయి. ఇయ్యనంటే బేపారి ఎట్లయినా అక్కడనే ఉంటడు."

బాలస్వామి ముఖం వెలిగింది. గొంగడి మీదినుంచి లేచి, చెప్పులు తొడుక్కొని, బల్ల మీద తన చోటులో కూర్చున్నాడు.

"గంతే అక్కా! ఇగ నువ్వు ఫికర్ చెయ్యకు. ఆయన జీపు దిగుడే ఆలిశ్యం, నేను ఒక్క మాట అందుకున్ననంటే..."

"నువ్వు అందుకోకు తమ్మీ," అన్నది గోపమ్మ గొంగడి మడత పెడుతూ. "కృష్ణ నిలవడ్తే ఊళ్లు మునుగుతయి. మాకు జీపు నిలవడ్తే సాలు."