వేపమండ కట్టిన వాకిలి

అందరికీ నమస్కారం.

మొదట ఒక మాట. నాకు సభలో మాట్లాడే అలవాటు లేదు. అందుకని కాగితం మీద రాసుకొచ్చాను. నేను చదివింది ఊరి కన్నడ బడిలో, అదీ కొద్దిగా. తెలుగు అక్షరాలు పెద్దయ్యాక నేర్చుకున్నవి. చేతిరాత వంకరగా ఉంది, ఒత్తులు చాలాచోట్ల తప్పాయి. నా రాత నాకే సరిగా కనబడడం లేదు. మన్నించండి. నేను ఎక్కడైనా ఆగిపోతే మా మరదలు ప్రేమ అందుకుంటుంది.

అమ్మలారా, అప్పలారా. ఈ పాల డైరీ ముందర ఇంతమంది కూర్చున్నారు. బాగేపల్లి నుంచి, చింతామణి నుంచి కూడా బస్సెక్కి వచ్చారు. నా భార్య చెన్నమ్మ ఉంటే మీ అందరినీ చూసి సంతోషించేది కాదు. ఇంతమందికి టీ ఎవరు పెడతారని నన్ను కసిరేది.

చెన్నమ్మ పోయింది. తెల్లవారి మల్బరీ ఆకు కోయడానికి తోటకు పోయి, మోపు కట్టి, ఎత్తడానికి మనిషి కోసం చూస్తూ గట్టు మీద కూర్చుందట. అలాగే పోయింది. డాక్టరు గుండె అన్నాడు.

ఆమె గురించి మంచి మాటలు మీరు చెప్పారు, విన్నాను. నేను ఒక్క సంగతే చెబుతాను.

మనం పట్టుపురుగులు మేపేవాళ్ళం. పురుగులు ఇంట్లో ఉన్నప్పుడు పరాయి మనిషి గడప తొక్కడు. మనిషి వెంట సీకు వస్తుంది, పురుగులకు రోగం తగిలి పంట పోతుంది. అందుకని వాకిలికి వేపమండ కడతాం. మండ చూస్తే చుట్టం కూడా వీధిలోనే నిలబడి కేక వేసి, తెచ్చింది అరుగు మీద పెట్టి పోతాడు. ఎవరూ తప్పు పట్టుకోరు. ఇది మన మర్యాద. మన తాతల నాటి నుంచి ఉన్నదే.

హేమావతి ఇంటి వాకిలికి ఏడాదిలో ముప్పాతిక భాగం వేపమండ ఉండేది. హేమావతి మా వీధిలో నాగరాజ్ భార్య. చింతామణి పక్క నుంచి వచ్చిన పిల్ల. తల్లి చూడడానికి వస్తే మండ. అన్న పండగకు పిలవడానికి వస్తే మండ. వాళ్ళు వీధిలో నిలబడి, నాగరాజ్ చేత నీళ్ళు తాగి తిరిగి పోయారు. మనం చూశాం కదా? ఎంత కష్టపడే ఇల్లు, పంట మీద పంట తీస్తున్నారు అని మెచ్చుకున్నాం కదా?

చెన్నమ్మ కూడా మెచ్చుకుంది. కానీ ఒకనాడు ఆమె హేమావతి ఇంటి చెత్తదిబ్బ దగ్గర నిలబడి చూసింది. నాలుగో జ్వరం లేచిన, అంటే నాలుగోసారి పొర విడిచిన పురుగులు ఉన్న ఇంటికి మోపులు మోపులు ఆకు పోవాలి. తిని వదిలేసిన పుల్లలు గంపలు గంపలు దిబ్బకు రావాలి. ఆ ఇంట్లోకి ఆకు పోవడం లేదు. దిబ్బ మీద ఒక్క పుల్ల లేదు. ఆమె పోయి ఆ ఇంటి గోడకు చెవి పెట్టింది. ఆ వయసు పురుగులు ఆకు తింటుంటే వాన పడినట్టు చప్పుడు వస్తుందని మీకు తెలుసు. ఆ చప్పుడు లేదు. ఎవరో మూలుగుతున్నారు.

మండ పక్కకు తోసి, గొళ్ళెం తీసి లోపలికి పోయింది. పురుగులు మేపే తట్టలన్నీ ఖాళీ. వాటి కింద హేమావతి పడి ఉంది. మణికట్టు వాచిపోయి ఉంది. తాగడానికి నీళ్ళు లేవు. బయట గొళ్ళెం పెట్టి నాగరాజ్ శిడ్లఘట్టకు పోయాడు.

ఊళ్ళో అప్పుడు ఏమన్నారో మీకు గుర్తుందా? హేమావతి చెయ్యి గురించి కాదు. మండ కట్టిన ఇంట్లోకి చెన్నమ్మ ఎందుకు పోయింది అన్నారు. నాగరాజ్ తల్లి మా వాకిట్లోకి వచ్చి, మా ఇంటి పంటకు సీకు తెచ్చినావు కదమ్మా అంది. చెన్నమ్మ చెప్పింది ఒక్కటే: "పంట యాడుండాదో చూపించక్కా, దండం పెట్టి పోతా."

ఆ దినం నుంచి హేమావతి మా ఇంట్లోనే ఉంది. వచ్చి కూడా నిజం చెప్పలేదు. తట్టలు సర్దుతూ నిచ్చెన మీద నుంచి పడ్డానంది. కొన్నాళ్ళకు, కొట్టేది ఎప్పుడో ఒకసారే కదా పెద్దమ్మా అంది. చెన్నమ్మ అవరె చిక్కుడుకాయలు ఒలుస్తూ అడిగింది. ఫోను ఎవరి దగ్గర ఉంటుంది? నాగరాజ్ దగ్గర. పట్టుగూళ్ళు అమ్మిన డబ్బులో నీకు చీరకైనా ఇస్తాడా? లేదు. మీ అమ్మతో చివరిసారి ఎప్పుడు మాట్లాడినావు? హేమావతికి గుర్తు రాలేదు. అప్పుడు చెన్నమ్మ ఒలిచేది ఆపేసి అంది: "కొట్టిన దినమే లెక్క పెట్టుకుంటాండావు బిడ్డా. కొట్టని దినాలు కూడా నువ్వు బతకలేదు కదా."

నేను అరుగు మీద ఉన్నాను. ఆ మాట విన్నాను. ఆ పిల్ల ఏడ్చింది కూడా విన్నాను.

చిక్కబళ్ళాపురంలో రక్షణాధికారి మంజుశ్రీ అని ఒకమ్మ ఉన్నారు. చెన్నమ్మ హేమావతిని బస్సులో అక్కడికి పిలుచుకుపోయింది. మొదటిసారి ఆ పిల్ల ఆఫీసు మెట్లు ఎక్కలేక తిరిగి వచ్చేసింది. చెన్నమ్మ కోప్పడలేదు. ఇద్దరూ బస్టాండులో బోండాలు తిని వచ్చేశారు. మళ్ళీ పోయారు. మంజుశ్రీ అమ్మ అన్నీ అడిగి కన్నడలో రాసుకున్నారు. గదిలో పెట్టి గొళ్ళెం పెట్టడం, పుట్టింటివాళ్ళను చూడనివ్వకపోవడం, కడుపు మాడ్చడం, సంపాదించింది లాక్కోవడం, నోటికొచ్చిన తిట్లు, ఇవన్నీ గృహహింస చట్టంలో హింసే అని చెప్పారట. ఈ చట్టం కింద కోర్టుకు పోతే మొగుణ్ణి వెంటనే జైల్లో వేయరు. ముట్టుకోవద్దు, దగ్గరికి పోవద్దు అని జడ్జి ఆర్డరు ఇస్తాడు. ఆ ఇంట్లోనే ఆమెకు ఉండే హక్కు ఇస్తాడు. ఆర్డరు మీరితే అప్పుడు నేరం. ఆఫీసు దాకా పోలేని ఆడవాళ్ళు నూట ఎనభై ఒకటికి ఫోను చేయవచ్చు. ఇక్కడ కూర్చున్న ఆడపిల్లలు ఇది వినాలని రాశాను.

తాత్కాలికంగా ఆర్డరు వచ్చింది. అయినా నాగరాజ్ మా ఇంటికి వచ్చాడు, తాగి. నేను లోపలికి జరిగాను. చెన్నమ్మ గడపలో అడ్డంగా కూర్చుని లేవలేదు. "ఆర్డరు చదువుకోపో నాగరాజప్పా. చదువు రానిదాన్ని, నాకే అర్థమయింది. నువ్వు పది పాసైనావు కదా." వీధిలో నవ్వారు. అతను పోయాడు. చెన్నమ్మ లోపలికి వచ్చి చెంబు నీళ్ళు తాగింది.

అమ్మలారా, అప్పలారా. ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

గురువారం కోర్టులో చెన్నమ్మ సాక్ష్యం చెప్పాలి. ఆమె చూసింది ఆమె నోటితో చెప్పాలి. ఆమె లేదు. హేమావతి నిచ్చెన మీద నుంచి పడిందని నాగరాజ్ తరఫువాళ్ళు రాసిచ్చారు. నేను చెబుతానంటే మా వకీలు తల అడ్డంగా ఊపాడు. నేను ఆ ఇంట్లోకి పోలేదు. భార్య నాతో అన్నదాన్ని సాక్ష్యంగా తీసుకోరట. ఇక మిగిలింది హేమావతి మాట ఒక్కటే. ఎదుటి వకీలు ఆమెను నిలబెట్టి అడిగితే, ఆ పిల్ల భయంతో మళ్ళీ పడ్డాననే అంటుందేమో. ఏమి చేయాలి? నాకు తెలియడం లేదు. నిజంగా తెలియడం లేదు.

నిన్న మన నరసింహయ్య ఇంటికి వచ్చాడు. పెద్ద మనిషి, నా మేలు కోరేవాడు. అతను అన్నాడు: "ఇంట్లో ఆడదిక్కు పోయింది సీనప్పా. ఆ పిల్లను ఎన్నాళ్ళు పెట్టుకుంటావు? దినాల కార్యం అయిపోనీ, రాజీ చేసి అంపించేద్దాం." దానికి జవాబు ఇప్పుడు రాసుకొచ్చాను. నరసింహయ్యా, ఏ ఇంటికి పంపాలి? ఆ ఇంటి గొళ్ళెం బయటే ఉంది కదా.

అతను పోయాక హేమావతి తన బట్టలు మూట కట్టుకుని వచ్చింది. "పెదనాయనా, నేను పోతా. నా మూలాన నిన్ను అందరూ మాటంటాండారు" అంది. ఏడవలేదు. ఆమె ఏడ్చి ఉంటే నాకు ఇంత భయం వేసేది కాదు. ప్రేమ ఆ మూట విప్పించి, గురువారం దాకా తోడుంటానని చెప్పింది. గురువారం తర్వాత?

ఆ ఇంటికి గోడ కలిసిన ఇళ్ళు ఉన్నాయి. నేను పేర్లు చెప్పను. ఆ గోడ ఇవతల పడుకున్నవాళ్ళు ఉన్నారు. బోరు దగ్గర ఆ పిల్ల వీపు చూసినవాళ్ళు ఉన్నారు. ఆ దినం చెన్నమ్మ కేక వేస్తే వచ్చి, గడప బయటే నిలబడి, హేమావతిని ఎత్తుకొస్తుంటే చూసినవాళ్ళు ఉన్నారు. మీరు విన్నది చెప్పండి, చూసింది చెప్పండి. ఎక్కువ వద్దు. ఒక్కరు వచ్చినా చాలు. బస్సులో మీ పక్కన నేను కూర్చుంటాను. కోర్టు బయట మీతోపాటు నిలబడతాను. వాళ్ళు తిడితే నన్ను తిట్టమనండి.

నాగరాజ్ తరఫువాళ్ళు కూడా ఇక్కడ ఉన్నారు. మీరు వచ్చినందుకు దండం. మీ మీద నాకు పగ లేదు. ఆ పిల్ల బతకాలి, అంతే.

నాకు ఇంతకంటే రాయడం చేతకాలేదు.

ఇప్పుడు అందరూ లేచి నిలబడండి. చెన్నమ్మ కోసం రెండు నిమిషాలు ఎవరమూ మాట్లాడకుండా ఉందాం. ఆ తరువాత కూర్చోకముందే, నాతో కోర్టుకు ఎవరు వస్తారో చెప్పండి. హేమావతి ఆ వెనక స్తంభం దగ్గరే ఉంది, ఆమె కూడా వింటుంది. గురువారం దగ్గరికి వచ్చింది. తొందరగా చెప్పండప్పా.